ముప్పై ఒకటి, ముప్పై అయిదు

ఎవరైనా కవరు పట్టుకొని వస్తే పాక్యనాథన్ ముందు పేరడిగేవాడు కాదు. ముల్లైత్తీవా, మన్నారా, ఏ ఊరు అన్నది మావాళ్లు, లంక తమిళులు, ఎవరిని చూసినా మొదట అడిగే ప్రశ్న. అదీ అడిగేవాడు కాదు. కాగితం మడత విప్పి తేదీ ఎక్కడుందో వెతికేవాడు. బొటనవేలిని మిగతా వేళ్ల కణుపుల మీద నడిపిస్తూ లోలోపల లెక్కపెట్టి, "పంతొమ్మిది రోజులున్నాయి. కూర్చో, టీ తాగు" అనేవాడు. అప్పుడుగాని వచ్చినవాడి ముఖం చూసేవాడు కాదు.

ఇదంతా ఆదివారాలు, పెండిల్ హిల్‌లో మా ఇంటి పెరట్లో జరిగేది. తీగల మీద ఆరుతున్న నా చీరల్ని ఒక పక్కకి జరిపి, వాటి నీడలో రెండు ప్లాస్టిక్ కుర్చీలు వేసుకునేవాడు. పాలు లేని టీ, కొరుక్కోవడానికి తాటిబెల్లం ముక్క. పది గంటలకి మొదలైతే ఒక్కోసారి నేను అన్నం వార్చేదాకా సాగేది. సిడ్నీ పడమటివైపు మావాళ్లలో వీసా లేనివాళ్లందరికీ అతను ముప్పై అయిదన్న. "ముప్పై అయిదన్నా, మా అమ్మాయి పెళ్లికి ముహూర్తం కూడా నువ్వే పెట్టు" అని ఏడిపించేవాళ్లు. "ముహూర్తం తప్పితే ఇంకోటి దొరుకుతుంది, ఇది తప్పితే దొరకదు" అనేవాడు నవ్వకుండా.

రక్షణ వీసా అడిగినవాళ్లకి ముందు ప్రభుత్వశాఖ కాదంటుంది. తర్వాత ట్రిబ్యునల్ కాదంటుంది. ట్రిబ్యునల్ కాదన్న రోజు నుంచి ముప్పై అయిదు రోజుల్లోపు కోర్టులో దరఖాస్తు పడాలి. చాలామంది ఉత్తరం ఇంటికొచ్చిన రోజు నుంచి లెక్కపెట్టుకొని మోసపోతారు. కాగితం మీద వేసిన తేదీ నుంచే లెక్క అని అందరికీ చెప్పి చెప్పి పాక్యనాథన్ గొంతు అరిగిపోయింది.

అతను మా ఇంటికి వచ్చింది మా ఆయన పోయిన ఏడాది. వెనక గదిలో మా ఆయన చెక్కపని చేసుకునేవారు. ఆ సామాను చూడలేక గది అద్దెకి ఇస్తానని గుడిలో చెప్పాను. పడవల్లో వచ్చినవాళ్లని ఉంచే శిబిరం నుంచి వదిలిన మనిషి అని గుడివాళ్లు ఇతన్ని పంపారు. ఒక్క సంచీతో వచ్చాడు. గది చూసి, ఉలి, రంపం తీసెయ్యొద్దని, తనకి అడ్డం కావని అన్నాడు. ఆరేళ్లు వాటి పక్కనే పడుకున్నాడు.

ముల్లైత్తీవు తీరంలో చేపలు పట్టే కుటుంబం. యుద్ధం చివరి నెలల్లో వాళ్ల పడవని సైన్యంతో పోరాడే కుర్రాళ్లు లాక్కొని ఇతన్నే నడపమన్నారు. గాయపడ్డవాళ్లని మోశాడు. అదయ్యాక సైన్యం రెండుసార్లు తీసుకెళ్లి కొట్టి వదిలింది. మూడోసారి వచ్చినప్పుడు వాళ్లమ్మ, కొడుకు సముద్రం మీదికి వెళ్లాడని చెప్పింది. అతనప్పుడు పక్కింటి వంటగదిలో ఉన్నాడు. అమ్మ మాట అబద్ధం కాకూడదని తర్వాత నిజంగానే వెళ్లానని అంటుండేవాడు. ముప్పై ఎనిమిది మందితో పడవలో ఇరవై రెండు రోజులు. ఇంతకు మించి చెప్పేవాడు కాదు. నేనూ అడగలేదు.

పని ఆస్పత్రి దుప్పట్లు ఉతికే ఫ్యాక్టరీలో, మధ్యాహ్నం షిఫ్టు. వాళ్లమ్మకి రోజూ పొద్దున ఫోను. వీసా వస్తే సొంత దేశం వెళ్లే వీలుండదు కానీ ఇండియా వెళ్లొచ్చు. తమ్ముడు దయాపరన్ అమ్మని తిరుచ్చి తీసుకొస్తే అక్కడ చూడొచ్చు. అతని ఆశంతా అదే. తిరుచ్చిలో రైల్వేస్టేషనుకి దగ్గర్లో ఏ లాడ్జిలో కింది అంతస్తు గదులున్నాయో కూడా కనుక్కొని పెట్టుకున్నాడు, అమ్మ మెట్లెక్కలేదని.

కోర్టు సంగతులు అతను తన కేసు కోసం నేర్చుకోవడం మొదలుపెట్టి, పక్కవాళ్ల కేసుల్లో పూర్తి చేశాడు. ఇంగ్లీషు నాది, ఆనుపానులు అతనివి. అక్కడ చావకచ్చేరి బళ్లో పదకొండేళ్లు పాఠాలు చెప్పినదాన్ని, ఇక్కడ లైబ్రరీలో పుస్తకాలు సర్దేదాన్ని. నా ఇంగ్లీషు దరఖాస్తులకి సరిపోయేది. అతను ఒక్కొక్కరికీ విడమర్చి చెప్పే మాట ఒకటుంది. "జడ్జి కూర రుచి చూడడు. వండినవాడు చేతులు కడుక్కున్నాడా, చెప్పిన సరుకులన్నీ వేశాడా, అంతే చూస్తాడు. కూర చేదుగా ఉందని ఆయన ముందు ఏడ్చి లాభం లేదు." కొట్టారు, తిట్టారు, తిరిగి వెళితే చంపేస్తారు అన్నది కోర్టు పని కాదు. ట్రిబ్యునల్ చట్టప్రకారం విందా లేదా అన్నదే దాని పని. ఇది తలకెక్కించుకోవడం మావాళ్లకి చాలా కష్టమయ్యేది. ఇన్నేళ్లు ఎవరో ఒకరు నమ్మితే చాలని ఎదురుచూసినవాడు చివరికి కోర్టు దాకా వస్తే, నమ్మడం నమ్మకపోవడం మా పని కాదంటారు.

సుధాకరన్ అని ఒకతను కేసు గెలిచాడు. అతని దరఖాస్తు ఫొటోకాపీలు గుడి ప్రసాదంలాగా ఇల్లిల్లూ తిరిగాయి. గెలిచిన కాగితం కదా, పేరు మార్చి వేస్తే మనమూ గెలుస్తామని. మన్నారు నుంచి వచ్చిన నేసరాసా కూడా అలాగే రాసి తెచ్చాడు. పాక్యనాథన్ అది నాచేత చదివించుకొని టీ గ్లాసు కింద పెట్టాడు.

"నీకు పెళ్లెప్పుడైంది?"

"నాకెక్కడైంది అన్నా?"

"మూడో అంశంలో నీ భార్య ఆరోగ్యం సంగతి ట్రిబ్యునల్ పట్టించుకోలేదని ఉంది. పిలువు ఆమెని, ఒంట్లో ఎలా ఉందో అడుగుదాం."

నేసరాసా కూడా నవ్వాడు. ఆ కాగితం చింపించి, సొంతది రాయించేసరికి సాయంత్రమైంది.

ఆ ఏడాది మార్చి ఎనిమిదిన, బుధవారం, దయాపరన్ ఫోను చేశాడు. నేను వంటింట్లో ఉన్నాను. పాక్యనాథన్ గుమ్మం దగ్గరికి వచ్చి, "అక్కా, అమ్మ పోయింది" అన్నాడు. మంచినీళ్లు అడిగాడు. తాగి, గ్లాసు కడిగి బోర్లించాడు. ఆ రోజు షిఫ్టుకి వెళ్లాడు కూడా. ఇంట్లో కూర్చుంటే గోడలు మీద పడతాయని అన్నాడు.

మాలో మైల ముప్పై ఒక్క రోజులు. ముప్పై ఒకటో రోజు కర్మ అయ్యేదాకా కొత్తగా ఏదీ మొదలుపెట్టం, సంతకం పెట్టం, ఒకరి గడప తొక్కం. అక్కడ చితి తమ్ముడు అంటించాడు, అస్థికలు తమ్ముడు సముద్రంలో కలిపాడు. ఇక్కడ ఇతను ఇరాకీ మంగలి దగ్గర గుండు చేయించుకొని, నేలమీద పడుకొని, ఒంటిపూట తిన్నాడు.

ఆదివారాలు కుర్చీలు వేయలేదు. కవర్లు మాత్రం వచ్చేవి. అతను పెరట్లోనే, గేటుకి ఆరడుగుల దూరంలో నిలబడేవాడు. ఎవరి కాగితమూ ముట్టుకోలేదు. తన మైల వాళ్ల పనికి అంటకూడదని. "తేదీ చదువు" అనేవాడు. వాళ్లు గేటవతల నుంచి చదివితే, కణుపులు లెక్కపెట్టి, ఇన్ని రోజులున్నాయి, అక్కయ్యకి ఇచ్చి వెళ్లు అనేవాడు. ఆ నెలలో నలుగురివి అలా వేయించాం. ఒక్కటీ ఆలస్యం కాలేదు.

అమ్మ పోయిన మర్నాడు, గురువారం, పోస్టులో అతనికో కవరు వచ్చింది. పెట్టెలోంచి అతనే తీశాడు. కవరు మీది ట్రిబ్యునల్ ముద్ర నేను కిటికీలోంచి చూశాను. అలాంటివి వంద చూసినదాన్ని, పోల్చుకోలేనా. అతను దాన్ని విప్పలేదు. గదిలోకి తీసుకెళ్లి అమ్మ ఫొటో వెనక పెట్టాడు. నేను అడగలేదు. చావింట్లో కాగితాల సంగతి ఎత్తడం మాకు లేదు. పైగా అతనికి లెక్క తెలియదా, ఊరందరికీ చెప్పేవాడు కదా అనుకున్నాను. ఆ మాట ముప్పై రోజుల్లో ముప్పై సార్లు అనుకుని ఉంటాను.

అతని లెక్క తర్వాత చెప్పాడు. కాదన్న ఉత్తరాలు మామూలుగా ఒకటి రెండు రోజుల్లో వస్తాయి. ఇదీ మంగళవారమో బుధవారమో వేసిందై ఉంటుంది. అలా చూస్తే కర్మ అయిపోయాక కూడా కోర్టు తెరిచి ఉండే రోజులు రెండు మూడుంటాయి. విప్పి చూడాల్సిన పని లేదు. విప్పితే చదవాలి, చదివితే ఆ ముప్పై ఒక్క రోజులూ తల్లిని తలుచుకోకుండా దాన్ని తలుచుకోవాలి.

ఏప్రిల్ ఏడు, శుక్రవారం, ముప్పై ఒకటో రోజు. పూజారి వచ్చాడు. వాళ్లమ్మకి ఇష్టమని వడలు, గుమ్మడికాయ కూర, పాయసం చేశాను. పదిమంది తిన్నారు. అందరూ వెళ్లేసరికి అయిదు దాటింది. అతను ఫొటో వెనక నుంచి కవరు తెచ్చి, వంటింటి బల్ల మీద కత్తితో నీటుగా కోశాడు. కాగితం విప్పి తేదీ చూశాడు. వేళ్లు కదపలేదు.

"మార్చి మూడు" అన్నాడు.

నేను లెక్కపెట్టాను. మళ్లీ పెట్టాను. ముప్పై అయిదో రోజు ఆ వేళటిదే. కోర్టు కౌంటరు మూసి అరగంట దాటింది. ఉత్తరం దారిలోనే ఆరు రోజులు తిన్నది. కంప్యూటర్లో పంపే పద్ధతి ఉందని ఇద్దరం వినడమే తప్ప ఎన్నడూ చేసినవాళ్లం కాదు. అన్నీ చేత్తో పట్టుకెళ్లి ముద్ర వేయించుకొచ్చేవాళ్లం. మిగిలిన పాయసం గిన్నె అతనే కడిగాడు. "పడుకోండి అక్కా, సోమవారం చూద్దాం" అన్నాడు.

సోమవారం వేశాం. మూడు రోజులు ఆలస్యం. ఆలస్యమైనదాన్ని జడ్జి తీసుకోవచ్చు, తీసుకోకపోనూవచ్చు. ఎందుకు ఆలస్యమైందో చెప్పాలి. లోపలి కేసులోనూ ఎంతోకొంత పస ఉందనిపించాలి. రెండూ కుదిరితేనే తలుపు తెరుస్తారు. లేదంటే ఇక పంపేస్తారు. కొళంబోలో విమానం దిగిన చోటే తనకోసం మనుషులుంటారని పాక్యనాథన్‌కి ఎప్పుడూ సందేహం లేదు.

మా దగ్గరున్న అంశం ఒక్కటే. వాళ్ల గ్రామాధికారి రాసిచ్చిన ఉత్తరాన్ని, సైన్యం ఇంకా ఇతని గురించి అడుగుతోందన్న ఉత్తరాన్ని, ట్రిబ్యునల్ లెక్కలోకి తీసుకోలేదని రాశాను. రాస్తున్నప్పుడే నాకు అనుమానం. తీర్పులో ఎక్కడో ఒక వాక్యం దాని గురించి ఉంది. పాక్యనాథన్‌కి చదివి వినిపించాను. "ఒక్క వాక్యమేగా, చేతులు కడుక్కున్నట్టా అది? తడుపుకున్నట్టు" అన్నాడు. ఇద్దరం దాన్నే పట్టుకున్నాం.

తారీఖు రావడానికి పద్నాలుగు నెలలు పట్టింది. ఆ పద్నాలుగు నెలలూ ఆదివారాలు జరిగాయి. అతను తన పొరపాటుని ఎవరి దగ్గరా దాచలేదు. కవరు తెచ్చినవాళ్లకి, "చూడు, ముప్పై అయిదన్నకే ముప్పై ఎనిమిదయ్యాయి" అని చూపించేవాడు. అందులో వేళాకోళం ఉండేది. గుడిలో ఒకాయన, చదువుకున్నాయనే, దేవుడి పనికి కోర్టుపని ఆపుకున్నాడు చూడండి పిచ్చివాడు అని నా ముందే అన్నాడు. ఆ మాట నేను ఇంటికి మోసుకురాలేదు. ఎవరో మోసుకొచ్చారు. ఆ ఆదివారం అతను టీ తాగలేదు.

కోర్టు గది చిన్నది. జడ్జికి అరవై దగ్గర ఉంటాయి. ప్రభుత్వం తరఫు లాయరు చిన్నపిల్ల, జలుబు చేసి మాటిమాటికీ ముక్కు తుడుచుకుంటోంది. పాక్యనాథన్‌కి లాయరు లేడు. పక్కన దుబాసీ, వెనక బెంచీలో నేను. నాకు మాట్లాడే హక్కు లేదు.

ఆ పిల్ల మర్యాదగానే అడిగింది. ఆ ముప్పై ఒక్క రోజులూ మీరు పనికి వెళ్లారు కదా, హాజరు కాగితాలున్నాయి అంది. వెళ్లానన్నాడు. రోజూ ఎనిమిది గంటలు దుప్పట్లు ఉతికిన మనిషి ఒక గంట కోర్టుకి రాలేకపోయాడా అంది. దుబాసీ చెప్పాడు. పాక్యనాథన్ ఆ పిల్ల వైపు తిరిగాడు.

"చేస్తున్న పని ఆపమని చావు అడగదమ్మా. కొత్త పని మొదలుపెట్టొద్దంటుంది, అంతే."

జడ్జి పెన్ను కింద పెట్టాడు. మొదలుపెడితే ఏమవుతుందని మీ నమ్మకం అని ఆయనే అడిగాడు. తగువుపెట్టినట్టు లేదు, తెలుసుకోవాలన్నట్టే ఉంది. నేను భయపడ్డాను. కీడు జరుగుతుందనో శాపమనో అంటాడేమో, మూఢనమ్మకమని కొట్టేస్తారేమో అని.

"ఏమీ కాదేమోనయ్యా" అన్నాడు పాక్యనాథన్. "ఆవిడ పోయినప్పుడు నేను లేను. కుండ నేను పట్టలేదు, నిప్పు నేను పెట్టలేదు. అంతా తమ్ముడే చేశాడు. ఇంత దూరం నుంచి నేను చేయగలిగింది ఒక్కటే. ఏమీ చేయకుండా ఉండటం. అదైనా పూర్తిగా చేద్దామనుకున్నాను."

దుబాసీ ఆ చివరి మాట దగ్గర కొంచెం ఆగి, తర్వాత ఉన్నదున్నట్టు చెప్పాడు.

గేటు దగ్గర నిలబడి తేదీలు చదివించిన నలుగురి సంగతి అతను చెప్పలేదు. చెబితే మంచిదో చెడ్డదో నాకూ తెలియదు. వెనక బెంచీలో నోరు మూసుకొని కూర్చున్నాను. కవరు వచ్చిన రోజున కిటికీ దగ్గర కూర్చున్నట్టే.

తీర్పు ఆ మధ్యాహ్నమే చెప్పారు. జడ్జి చదువుతుంటే దుబాసీ పాక్యనాథన్ చెవిలో చెబుతున్నాడు. నేను నేరుగా విన్నాను కాబట్టి ఒక్కో వాక్యం అతనికంటే ముందు నాకు తెలిసేది, తర్వాత అతని వీపు చూసేదాన్ని. దరఖాస్తుదారుడి తల్లి మరణించిందని అంగీకరిస్తున్నాను. అతను తన సంప్రదాయం ప్రకారం సంతాపం పాటించాడని అంగీకరిస్తున్నాను. నిజాయితీగా మాట్లాడాడని అంగీకరిస్తున్నాను. ఆలస్యానికి చెప్పిన కారణం సరైనదే. అతని వీపు నిటారుగా అయింది. అప్పటికే నేను తర్వాతి వాక్యం విన్నాను. కానీ గ్రామాధికారి ఉత్తరాన్ని ట్రిబ్యునల్ నలభై ఒకటో పేరాలో చూసింది, దానికి తక్కువ విలువ ఇచ్చింది. ఎంత విలువ ఇవ్వాలన్నది దాని ఇష్టం. కేసులో నిలిచే అంశం లేదు గనక గడువు పెంచడం లేదు.

గడువు పెంచనన్న మాటమీద అప్పీలు లేదు. ఆ సంగతి ఎన్నో ఆదివారాలు ఎందరికో అతనే చెప్పాడు.

బయటికి వచ్చి బస్‌స్టాపులో కూర్చున్నాం. నేను ఏడుస్తున్నాను. అతను గుడ్డసంచీలోంచి పొద్దున నేను కట్టిన పిట్టు పొట్లం తీసి, సగం నాకిచ్చాడు.

"అక్కా, అంగీకరిస్తున్నానని ఎన్నిసార్లన్నాడు?"

"మూడు."

"నాలుగు. కారణం సరైనదే అన్నది కూడా లెక్కే కదా?"

లెక్కేనన్నాను.

"ఈ దేశంలో ఇన్నేళ్లలో నేను చెప్పినదాంట్లో, అమ్మ పోయిందన్నది మాత్రం అడ్డంగా 'కానీ' తగిలించకుండా నమ్మారు" అన్నాడు. "'కానీ' తర్వాత వచ్చింది, అది వేరే."

తర్వాత మంత్రికి ఒక విన్నపం రాశాం. రెండు వారాలకోసారి ప్రభుత్వశాఖ ఆఫీసులో సంతకం పెట్టి రమ్మన్నారు, వెళ్లేవాడు. ఆగస్టులో ఒక మంగళవారం, షిఫ్టు మొదలైన గంటకి, ఉతికిన దుప్పట్ల బండి తోస్తూ దాని మీదికే వాలిపోయాడు. అంబులెన్సు వచ్చేసరికే గుండె ఆగిపోయిందన్నారు. నలభై ఆరేళ్లు. మంత్రి దగ్గర నుంచి జవాబు అప్పటికి రాలేదు.

నాకతను రక్తసంబంధం కాదు, మైల నాకు లేదు. అయినా ఇంట్లో మాంసం వండలేదు, గుడికి వెళ్లలేదు, కాగితాల పెట్టె ముట్టుకోలేదు. ముప్పై ఒకటి అయ్యాకే ఏదైనా అనుకున్నాను. దయాపరన్ అక్కడా అదే చేస్తున్నాడు.

పదమూడో రోజు ఆదివారం. పది గంటలప్పుడు గేటు దగ్గర ఒకావిడ నిలబడింది. పేరు యోగమలర్, ఎవరో చెబితే వెతుక్కుంటూ వచ్చింది. ముప్పై అయిదన్న ఇల్లు ఇదేనా అని అడిగింది. చెప్పాను. ఆవిడ రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. "తెలియదక్కా, చావింటికి ఇలాంటిది పట్టుకొచ్చాను, ఏమనుకోకండి, తర్వాత వస్తాను" అని వెనక్కి తిరిగింది. చేతిలో కవరు ఉంది. పైన ముద్ర ఆనాడు కిటికీలోంచి కనబడినంత స్పష్టంగా కనబడింది.

నాలుగడుగులు వేయనిచ్చాను. తర్వాత పిలిచాను.

"దాని మీద తేదీ ఎంత?"

ఆవిడ గేటవతల నుంచే చదవబోయింది. నేను వెళ్లి గేటు తీసి కాగితం చేతిలోకి తీసుకున్నాను. అతనిలా కణుపుల మీద లెక్కపెట్టడం నాకు రాదు. వంటింట్లోంచి క్యాలెండరు తెచ్చి, ఆవిడ ముందే ఒక్కొక్క గడి మీద వేలు పెట్టుకుంటూ వచ్చాను. ఒకసారి తప్పి మళ్లీ మొదలుపెట్టాను. తొమ్మిది రోజులున్నాయి.